ఉల్లంకి ముందున్న తీగ

మా పిట్టల ఫోటోల గుంపులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఒక ఫోటో తెచ్చి, ఇది బాగుంది, ప్రదర్శనలో పెట్టండి అంటే సరిపోదు. దానికి ముందు తీసినవీ, తర్వాత తీసినవీ, ఒక్కటి కూడా తీసెయ్యకుండా తెర మీద వేసి అందరికీ చూపించాలి. దీన్ని మేం వరస చూపించడం అంటాం. వరసలో అన్నీ బయటపడిపోతాయి. పిట్ట మొదట ఎలా ఉంది, మనం దగ్గరికి పాకేకొద్దీ ఏం చేసింది, బెదిరిందా, గుడ్ల మీద నుంచి లేచిందా, మొత్తం. కొత్తగా చేరినవాళ్ళలో సగం మంది ఈ వరసకి భయపడి రెండో వారం నుంచి రారు. అలా మానేసినవాళ్ళని నేను చాలా వేళాకోళం చేసేదాన్ని.

ఆ పద్ధతి ఉండాల్సిందేనని పట్టుబట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు రాయబోయే సంగతిలో నా పరువు నిలబెట్టేది ఏమీ లేదు.

నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో టెస్టింగ్ చెప్తాను. అంటే ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పు ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకోవడం నేర్పుతాను. పదహారేళ్ళుగా ఇదే పని. ఒకరి తప్పులు పట్టి బతికే మనిషికి తన మీద తనకి కాస్త నమ్మకం ఎక్కువే ఉంటుంది. మా ఆయన్ని అడిగితే కాస్త కాదు, చాలా అంటాడు.

ఆదివారం పొద్దున క్లాసులుండవు కాబట్టి మూడో అంతస్తులోని నా గదిలోనే గుంపు చేరుతుంది. కింద టిఫిన్ సెంటర్ నుంచి ఇడ్లీ, ఉప్మా పైకొస్తాయి. బోర్డు మీద శనివారం పాఠం అలాగే ఉంటుంది. ప్రొజెక్టర్ మాత్రం మనం కొట్టినప్పుడే వెలుగుతుంది. పది పదిహేను మందిమి ఉంటాం. ముందు బెంచీలో పెద్దాయన. ఆయన రిటైరైన పశువుల డాక్టరు, బల్కంపేట వైపు ఉంటారు, మాలో అందరికంటే ముందు కెమెరా పట్టినవారు. ఎక్కువ మాట్లాడరు. ఒక ప్రశ్న అడుగుతారు, అంతే. ఆ ప్రశ్న ఎటు నుంచి వస్తుందోనని అందరం బిగుసుకుని కూర్చుంటాం.

ఆ ఆదివారం నేను తీసుకెళ్ళిన ఫోటోకి గొడుగు అని పేరు పెట్టాను. పిడికిలంత కూడా లేని చిన్న పిట్ట, ఇసుకలో ఇసుకలా ఉండే ఉల్లంకి, మచ్చలున్న మూడు గుడ్ల పైన నిలబడి రెండు రెక్కలూ సగానికి దించి పట్టుకుంది. వెనక సముద్రం నీలంగా కరిగిపోయి ఉంది. రెక్కల నీడ సరిగ్గా గుడ్ల మీద పడుతోంది. ముందు ఒక్క గడ్డిపరక అడ్డం లేదు. తెర మీద పడగానే గదిలో మాటలు ఆగిపోయాయి. అలాంటి నిశ్శబ్దం కోసం నేను తొమ్మిదేళ్ళు ఇసుకలో దొర్లాను. వచ్చే శనివారం పంజాగుట్టలో మా ప్రదర్శన. తీరపు పిట్టల మీదే. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురుగా కనపడే గోడ ఎవరిదో ఆ రోజే తేలాలి.

"మస్తుగుందమ్మా," అన్నారు పెద్దాయన. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందుగాల తీసినయి ఏవీ? నువ్వు చూపెట్టినయి పన్నెండున్నయి. అన్నిట్ల పిట్ట నిలబడే ఉన్నది. కూసున్నది ఒక్కటి సుత లేదు."

"మెమరీ కార్డు నిండిపోయిందండీ. పాతవి కొన్ని అక్కడే తుడిచేశాను," అన్నాను.

చాలా మామూలుగా అన్నాను. గొంతు తడబడలేదు. నా సంచిలో, నా కాళ్ళ దగ్గరే, ఆ కార్డు ఉంది. అందులో ఆ ఫోటోలన్నీ ఉన్నాయి.

"అట్లనా," అన్నారాయన.

వెనక నుంచి ఎవరో నవ్వుతూ అడిగారు. "తోటపని ఏం చెయ్యలేదు కదా మేడం?" అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. తోటపని అంటే మా గుంపులో ఒక ఎత్తిపొడుపు. ఫోటోకి అడ్డంగా ఉన్న ఆకో కొమ్మో పీకి పారేసి, ఆ తర్వాత ప్రకృతి ఇలాగే ఉంది అని చూపించేవాడిని మేం తోటమాలి అని పిలుస్తాం. ఒక అబ్బాయిని నేనే ఆ మాటతో గుంపు మానేసేలా చేశాను.

గోడ నాకే ఇచ్చారు.

ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. చేసింది తోటపనే అని నాకు తెలుసు. కానీ ఎంత చిన్న పని! ఒక్క తీగ. పిట్టని ముట్టుకోలేదు, గుడ్లని ముట్టుకోలేదు. అబద్ధం చెప్పినందుకు సిగ్గుగా ఉంది కానీ, అది నా సిగ్గు వరకే అనుకున్నాను. దాని వల్ల ఇంకెవరికో ఏదో అవుతుందన్న ఊహ కూడా రాలేదు.

అంతకు ముందు ఆదివారం బాపట్ల దగ్గరి తీరంలో ఉన్నాను. రైలు దిగి, ఆటోలో ఒక పల్లె దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఇసుకలో అరగంట నడవాలి. అక్కడ నాలుగేళ్ళుగా నాకు దారి చూపించే మనిషి ఒకాయన ఉన్నాడు. పడవ మీద వేటకెళ్తాడు, యాభై దాటుంటాయి. ఏ పిట్ట ఎక్కడ దిగిందో, ఏది ఎక్కడ గుడ్లు పెట్టిందో ఫోన్ చేసి చెప్పేది ఆయనే. ఉల్లంకి గుడ్లు పెట్టిందని చెప్పిందీ ఆయనే. గూడంటే పుల్లల గూడు కాదు. ఇసుకలో అరచేతంత గుంట, అందులో గుడ్లు, అంతే.

తీరపు పిట్టల్ని నిలబడి తియ్యకూడదు. నిలబడితే మనం వాటికి ముప్పులా కనపడతాం, పైగా ఫోటోలో ఇసుక తప్ప ఏమీ రాదు. బోర్లా పడుకోవాలి. కెమెరా నేలకి జానెడు ఎత్తులో ఉండాలి. అప్పుడు పిట్ట కన్నూ మన కన్నూ ఒకే మట్టంలోకి వస్తాయి, వెనక సముద్రం కలిసొస్తుంది. ఇందుకోసం నేను పిడి విరిగిన అట్ల పెనం ఒకటి వెంట తీసుకెళ్తాను. అందులో కెమెరా పెట్టి, ఇసుక మీద ముందుకి తోసుకుంటూ, మోచేతుల మీద పాకుతాను. పెళ్ళిరోజు మర్చిపోతావు గానీ పెనం మాత్రం మర్చిపోవు అంటాడు మా ఆయన.

ఆ రోజు నలభై అడుగులు పాకడానికి గంట పట్టింది. రెండు మూరలు జరగడం, ఆగడం. పిట్ట తల తిప్పితే ఊపిరి బిగబట్టడం. మోచేతులు ఒరుసుకుపోయి మండుతున్నాయి, ఉప్పు గాలికి పెదాలు పగులుతున్నాయి, కదిలితే అంతా పోతుంది. ఆ గంటలో లోకంలో ఇంకేమీ ఉండదు. నిజం చెప్పాలంటే నేను తీరానికి వెళ్ళేది ఫోటో కోసం ఎంతో, ఆ గంట కోసం కూడా అంతే.

దగ్గరికెళ్ళాక చూస్తే పిట్ట హాయిగా గుడ్ల మీద కూర్చుని ఉంది. కళ్ళు సగం మూసుకుంది. కానీ దాని పైన, ముందు, బాలబందు తీగ. తీరమంతా పాకే ఆ ఊదా పూల తీగ తెలుసు కదా, మేక గిట్టలాంటి ఆకులతో. ఒక పాయ వచ్చి సరిగ్గా గూటి మీదుగా వంగింది. ఎటు జరిగినా కెమెరాలో పిట్ట రొమ్ముకి అడ్డంగా ఒక ఆకుపచ్చ మరక. ఇరవై తీశాను. ఇరవైలోనూ మరకే. చిరాకు నెత్తికెక్కింది. రాత్రంతా రైలు, గంట పాకుడు, ఇంత మంచి వెలుగు, ఇంత మంచి సముద్రం, మధ్యలో ఈ దిక్కుమాలిన ఆకు.

కాసేపటికి పిట్ట తనంతట తనే లేచి అలల వైపు పరిగెత్తింది. నేను మోకాళ్ళ మీద గబగబా వెళ్ళి ఆ తీగని పట్టి లాగేశాను. రెండు బారల పొడవు వచ్చింది. దూరంగా విసిరేసి మళ్ళీ వచ్చి పడుకున్నాను. అర నిమిషం పని. నాకు దారి చూపించే ఆయన దూరంగా పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

పిట్ట తిరిగొచ్చింది. గూటికి కాస్త ఎడంగా ఆగింది. చుట్టూ తిరిగింది. తర్వాత గుడ్ల దగ్గరికొచ్చి, కూర్చోకుండా నిలబడింది. నిలబడి మెల్లగా రెక్కలు దించింది. నాకు ఒళ్ళు పులకరించింది. గంటకి పైగా తీస్తూనే ఉన్నాను. మధ్యలో రెండుసార్లు అది నీళ్ళ దగ్గరికి పరిగెత్తి వచ్చింది. ఆ రెండుసార్లూ విసుక్కున్నాను, ఒక్కచోట ఉండదేమిటని.

బుధవారం పొద్దున పదిన్నరకి పంజాగుట్టలో ప్రింట్లు వేసే షాపుకి వెళ్ళాను. మెయిన్ రోడ్డు వెనక సందులో ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు ప్రింట్ అంటే ముందు తెర మీద పెద్దది చేసి అంగుళం అంగుళం చూసుకోవాలి. అక్కడ పని చేసే మనిషికి పిట్టల గురించి ఏమీ తెలియదు. రోజంతా పెళ్ళి ఫోటోలు చేస్తాడు, పెళ్ళికూతురి ముక్కు మీద చెమట ఎక్కడున్నా పట్టుకుంటాడు. పిట్ట ముఖాన్ని తెర నిండా తెచ్చి మౌస్ మీద చెయ్యి ఆపాడు.

"మేడం, గీ పిట్ట నోరెందుకు తెరిచింది?"

"పిట్టలు అలాగే ఉంటాయి లెండి. షార్ప్‌గా ఉందా లేదా చూడండి."

"షార్పే ఉన్నది. గాని గొంతు దాక కనబడుతుంది చూడుండ్రి." ఇంకో ఫోటో తెరిచాడు. ఇంకోటి. "అన్నిట్ల గట్లనే ఉన్నది. పాపం, దూపైతుందేమో."

నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను. పదిరోజులుగా ఆ ఫోటోని రోజుకి ఇరవైసార్లు చూస్తున్నాను. రెక్కలు చూశాను, నీడ చూశాను, సముద్రం రంగు చూశాను. ముక్కు చూడలేదు. అది నోరు పూర్తిగా తెరిచి రొప్పుతోంది. ఎండలో కుక్క రొప్పినట్టే. పొట్ట కింది ఈకలు తడిసి ముద్దగా అంటుకుని ఉన్నాయి.

ఇది నాకు తెలియని సంగతి కాదు. పుస్తకాల్లో చదివాను, కొత్తవాళ్ళకి నేనే చెప్పాను. ఇసుక మరీ కాలిపోతున్నప్పుడు ఉల్లంకి గుడ్లని పొదగదు. వాటికి ఎండ తగలకుండా అడ్డం నిలబడుతుంది. అప్పటికీ చాలకపోతే నీళ్ళలోకి పోయి పొట్ట తడుపుకొచ్చి గుడ్లని చల్లబరుస్తుంది. రెండుసార్లు నీళ్ళ దగ్గరికి వెళ్ళింది అందుకు.

"ఒక్క నిమిషం," అని సంచిలోంచి కార్డు తీసి ఇచ్చాను. నేను తుడిచేశానని చెప్పిన ఇరవై ఫోటోలూ ఆయన తెర మీద వరసగా వచ్చాయి. తీగ కింద నీడలో పిట్ట. నోరు మూసుకుని, కళ్ళు సగం మూసుకుని, గుడ్ల మీద సుఖంగా. ఇరవైలోనూ అంతే. ఇరవై ఒకటోది తీగ లేని గూడు. ఇరవై రెండో దాంట్లో పిట్ట రెక్కలు దించి నిలబడింది. రెండు ఫోటోలకీ మధ్య ఎనిమిది నిమిషాలు.

దాని గొడుగు నేను పీకేశాను కాబట్టి అది గొడుగైంది. నేను దాన్ని ఫోటో తీసి, గొడుగు అని పేరు కూడా పెట్టాను.

"ఏమైంది మేడం?" అన్నాడు షాపతను.

"ప్రింట్ ఆపండి."

"పెద్దది ఆపాల్నా, అన్ని ఆపాల్నా?"

"అన్నీ."

బయటికొచ్చి తీరంలోని ఆయనకి ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. మళ్ళీ చేశాను. లేదు. పదకొండు కావస్తోంది, వేటకెళ్తే పన్నెండు దాటాక గానీ ఒడ్డుకి రాడు. సముద్రం మీద సిగ్నల్ ఉండదు. పదిరోజులు, పదిరోజుల ఎండ. ఆ గుడ్లు ఉన్నాయా? ఉంటే లోపల పిల్ల బతికుందా? ఉడికిపోయిందా? ఇంకే ఆలోచనా రాలేదు. ప్రదర్శన గోడ అప్పుడే నా బుర్రలోంచి పోయిందని చెప్పుకోవాలని ఉంది. నిజానికి పోలేదు. ఎక్కడో ఒక మూల, ఈ సంగతి ఎవరికీ తెలియదు కదా అని ఒక గొంతు నసుగుతూనే ఉంది. షాపతనికి తెలిసినా ఆయనకేం అర్థమవుతుంది అని కూడా అంది. ఆ గొంతుని గుర్తుపట్టాను. ఆదివారం కార్డు నిండిపోయిందన్న గొంతే అది.

మెట్రో ఎక్కితే ఒక్క స్టేషన్. ఎక్కలేదు. ఆగి నిలబడితే పిచ్చెక్కేలా ఉంది. రోడ్డు పక్కనే అమీర్‌పేట వైపు నడిచాను. మే నెల ఎండ. మెట్రో లైను కింద నీడ ఉన్నచోట జనమంతా ఆ నీడలోనే ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు, నీడ తప్పినచోట పరుగులాంటి నడక. ఒకావిడ పిల్లాడి నెత్తిన ఫైలు పట్టుకుని నడుస్తోంది. నాకు చూడబుద్ధి కాలేదు.

నడుస్తూనే పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన హలో అనగానే ఆపకుండా చెప్పేశాను. తుడవలేదండీ, కార్డు నా దగ్గరే ఉంది, తీగ పీకేశాను, అబద్ధం చెప్పాను, పిట్ట రొప్పుతోంది, పొట్ట తడిసి ఉంది. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను. పక్కన షేర్ ఆటో డ్రైవర్ నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఆ రోజు ఏ టైముకు తీసినవ్?" అన్నారాయన.

"తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాటేదాకా."

"పొద్దుగాల తొమ్మిదిన్నరకే నోరు తెరిచిందంటే, పగటీలి ఎండల ఎట్లుంటదో చూడు. నాకు ఆదివారమే అనుమానమొచ్చింది. నువ్వు చెప్తవని ఊకున్న. నాదీ తప్పే. ఇప్పుడు నాతోని ఏం పని? ఆడ ఉన్నాయనకు చెయ్యి. నీడ పెట్టమను."

"ఫోన్ కలవట్లేదండీ."

"కలిసేదాక చెయ్యి," అని పెట్టేశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

పన్నెండింటికి నాకు క్లాసు. ముప్పై మంది కూర్చుని ఉన్నారు. ఫోన్ బల్ల మీద ఎదురుగా పెట్టుకుని పాఠం మొదలుపెట్టాను. ఒకే వాక్యం రెండుసార్లు రాశానని ఎవరో చెప్తే గానీ తెలియలేదు. పన్నెండున్నరకి చేశాను. ఒంటిగంటకి చేశాను. గదిలో ఏసీ చలికి చేతులు గడ్డకడుతున్నాయి, ఆ చలి కూడా నాకు నేరంలాగే అనిపించింది. ఒంటిగంటా పదికి ఫోన్ మోగింది. బోర్డు మీద సగం మాట వదిలేసి మెట్ల మీదికి పరిగెత్తాను.

"అమ్మా, నీళ్ళ మీదున్నా. ఇప్పుడే ఒడ్డుకొచ్చా. ఏంటమ్మా ఇన్నిసార్లు చేశారు? అంతా బాగేనా?"

"ఆ ఉల్లంకి గుడ్లు ఉన్నాయా?"

"మొన్నటిదాకా మూడూ ఉన్నాయమ్మా. నిన్నా ఇయ్యాలా సీకటితో వేటకెళ్ళా, సూళ్ళేదు."

"ఫోన్ పెట్టొద్దు. అక్కడికి వెళ్ళి చూడండి. దణ్ణం పెడతాను, ఇప్పుడే వెళ్ళండి."

ఆయన నడుస్తున్నాడు. అలల మోత, గాలి, ఆయన ఊపిరి. నేను మెట్ల మధ్యలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. పై అంతస్తు నుంచి క్లాసు వదిలిన పిల్లలు సంచులతో దిగుతూ నన్ను రాసుకుంటూ పోతున్నారు. ఎంతసేపు నడిచాడో తెలియదు.

"ఆ, వచ్చా. ఇదిగో." ఆగాడు. "ఒకటే ఉందమ్మా."

"మిగతా రెండూ?"

"లేవు. చుట్టూరా కాకి అడుగులున్నాయి ఇసకలో."

"పిట్ట ఉందా?"

"ఉంది. నన్ను సూసి అవతలికి పోయింది. అప్పటిదాకా గుడ్డు మీద నిలబడే ఉంది, రెక్కలు దించుకుని. మీరు ఫోటో తీశారు సూడండి, అచ్చం అట్టాగే."

"నీడ ఏమైనా ఉందా అక్కడ? నేను తీసింది ఒక్క పాయే కదా. పక్కన ఇంకా చాలా తీగ ఉంది కదా. పాకలేదా ఇటు?"

"పాకుద్దమ్మా, అది ఊరుకుంటదా! రోజూ పాకుద్ది. నేనే కోసేత్తన్నా." ఆయన గొంతులో సంతోషం. "ఆ రోజు మీరు పీకేసింది సూశా కదా. ఫోటోకి అడ్డమొత్తందని అర్థమైంది. మళ్ళీ వత్తానన్నారు, వచ్చేటప్పటికి ఇబ్బంది పడకూడదని కొడవలి తెచ్చి చుట్టూ రెండు బారల మేర శుభ్రం చేసేశా. ఇప్పుడు సముద్రం దాకా ఏ అడ్డమూ లేదమ్మా. బెమ్మాండంగా వత్తది."

మెట్టు మీద కూర్చున్నాను. పదిరోజులుగా, నేను ఇక్కడ గొడుగు అని పేరు పెట్టుకుని మురిసిపోతుంటే, అక్కడ నా కోసం, నా మీద గౌరవంతో, రోజూ దాని నీడ కోసేస్తూ ఉన్నాడు.

"వినండి," అన్నాను. "దూరం నుంచి కాస్త తీగ తీసుకురండి, ఆకులతో సహా. రెండు పుల్లలు గుచ్చి గుడ్డు మీద నీడ పడేలా వాలుగా వెయ్యండి. గుడ్డుని ముట్టుకోవద్దు. వేసేసి పడవ దాకా వెనక్కి వెళ్ళిపోండి. తొందరగా."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు, కానీ చేశాడు. ఫోన్ జేబులో వేసుకున్నట్టున్నాడు, గుడ్డ రాపిడి, ఇసుకలో పరుగు, ఏదో విరుస్తున్న చప్పుడు. తర్వాత మళ్ళీ నడక. తర్వాత ఆయన గొంతు.

"వచ్చేశానమ్మా. దూరంగానే ఉన్నా."

"పిట్ట వచ్చిందా?"

"లేదు."

నా క్లాసులోంచి ఒకమ్మాయి వచ్చి, మేడం వస్తున్నారా అంది. చెయ్యి ఊపి పంపేశాను.

"వచ్చిందా?"

"సుట్టూ తిరుగుతంది. ఆ పుల్లల్ని సూసి బెదురుతంది." గాలి. "దగ్గరికొచ్చింది. మళ్ళీ పోయింది."

ఫోన్ చెవికి ఎంత గట్టిగా నొక్కిపెట్టుకున్నానో, చెవి మండిపోతోంది. దేవుడా అని కూడా అనుకోలేదు, రా తల్లీ, రా అనుకున్నాను.

"ఇప్పుడు లోపలికి పోయిందమ్మా."

"నిలబడిందా, కూర్చుందా?"

ఆయన చాలాసేపు చూశాడు. వేటకెళ్ళే మనిషి కళ్ళు అవి, తప్పు చెప్పవు.

"కూసుంది," అన్నాడు.

నేను మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాను. గుడ్డులో పిల్ల ఉందో లేదో తెలియదు, కాకి మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. ఏమైనా అది కూర్చుంది.

"కానీ అమ్మా, ఇప్పుడు పిట్ట కనపడట్లేదు. ఆకుల్లో కలిసిపోయింది. ఫోటో ఎట్టా తీత్తారు?"

"తీయనండీ. ఆ తీగ దానికి నీడ, కాకి కంట పడకుండా గుడ్లకి మరుగు. నేను తెలియక పీకేశాను. ఇంక కొయ్యకండి. అటు వైపు వెళ్ళకండి కూడా."

అలల చప్పుడు మాత్రం వస్తోంది.

"అయితే అమ్మా," అన్నాడు నెమ్మదిగా, "ఆ రెండు గుడ్లు నా వల్ల పోయినట్టేనా?"

"కాదు. నా వల్ల. మీది ఏమీ లేదు ఇందులో. పీకింది నేను, నన్ను చూసి మీరు చేశారు. నా వల్లే పోయాయి."

అబద్ధం లేకుండా, ఒక్క మాట మింగకుండా చెప్పాను. అలా చెప్తే ఆయన బరువు దిగుతుందనుకున్నాను.

"కొడవలి నాదే కదమ్మా," అన్నాడు.